సింధు ఒడ్డున ఐబిస్‌బిల్ కోసం: లడఖ్‌లో నా అనుభవం

ఐబిస్‌బిల్ ఫోటోలు చూసినవాళ్లంతా ముందు అడిగేది ఏ లెన్స్ వాడావనే. చెప్తాను, కానీ కాస్త ఆగాలి. ఈ పిట్ట దగ్గరికి చేరేలోపు విమానం, ఊపిరి, కుక్కలు, ఎండ, ఎదురుచూపులు, ఇవన్నీ దాటాలి. వాటి గురించి మాత్రం ఎవరూ రాయరు. నేను వెళ్లేముందు ఎంత వెతికినా దొరికినవన్నీ అందమైన ఫోటోలే, వాటి వెనక ఏం జరిగిందో రెండు ముక్కలు కూడా లేవు. అందుకే మర్చిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ పిట్టను ఒక్కసారి చూస్తే చాలు అనుకునేవాళ్లు లడఖ్ దాకా వెళ్లనక్కర్లేదు. చలికాలంలో ఇది కిందికి దిగుతుంది. ఉత్తరాఖండ్‌లో రామ్‌నగర్ దగ్గర కోసి నది, అస్సాంలో నామేరి నేషనల్ పార్క్ పక్కనున్న జియా భరోలి నది, మన దేశంలో చాలామంది దీన్ని చూసేది అక్కడే. ఖర్చు తక్కువ, ఊపిరి ఇబ్బంది లేదు. నాకు మాత్రం అది గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే చోట, ఆ కొండల మధ్య, ఆ నీళ్ల దగ్గర చూడాలని ఎన్నో ఏళ్లుగా ఉంది. ఐబిస్‌బిల్‌కి దగ్గరి చుట్టాలు కూడా లేవు, దాని కుటుంబంలో మిగిలింది అదొక్కటే. ప్రపంచం మొత్తంలో మధ్య ఆసియా, టిబెట్, చైనా, హిమాలయాల రాతి నదుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దీనికి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టింది 1832లో. అంతరించిపోతున్న పిట్టల జాబితాలో లేదు, కానీ అది ఉండే చోటు అలాంటిది కాబట్టి కనపడటమే కష్టం.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో నది మధ్య గులకరాళ్ల దిబ్బల మీద ఒక చిన్న గుంటలాంటిది చేసుకుని గుడ్లు పెడుతుంది, సాధారణంగా నాలుగు. జులై వచ్చిందంటే పైన మంచు కరిగి నది నిండుతుంది, ఆ దిబ్బలు చాలావరకు మునిగిపోతాయి, పిట్టలు చెల్లాచెదురవుతాయి. మే ఆఖరు నుంచి జూన్ మూడో వారం దాకా అదను. అందుకే మే 27 రాత్రికి హైదరాబాద్ నుంచి టికెట్ తీశాను.

వెళ్లే ముందు పని చాలా ఉంది. 200-600 లెన్స్ నా దగ్గర లేదు, అద్దెకు తీసుకున్నాను. రోజుకు పన్నెండు వందలు, పైన డిపాజిట్. చేతిలో పట్టుకెళ్లే సామాను ఏడు కిలోలే. కెమెరా, లెన్స్, ల్యాప్‌టాప్ కలిపితేనే ఎనిమిదిన్నర తేలింది. కౌంటర్ దగ్గర కెమెరా మెడలో వేసుకుని, బ్యాటరీలన్నీ జాకెట్ జేబుల్లోకి మార్చి మళ్లీ తూకం వేయించాను. బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో వేయనివ్వరు, అది గుర్తుపెట్టుకోండి. లెన్స్ కింద పెట్టుకునే బీన్‌బ్యాగ్‌ని ఖాళీగా తీసుకెళ్లి లేహ్ బజార్‌లో రెండు కిలోల ఎండు బఠానీలు కొని నింపుకున్నాను. దానివల్ల బరువు బాగా కలిసొచ్చింది. ఫోన్ సంగతి ఇంకా ముఖ్యం. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాల్సిందే. నేను బయల్దేరే వారం ముందు మార్పించుకున్నాను. విమానంలో నా పక్కన కూర్చున్న కుర్రాడికి ఈ సంగతి తెలియదు, లేహ్‌లో దిగాక ఇంటికి ఫోన్ చేయడానికి నా ఫోనే తీసుకున్నాడు.

లేహ్ వెళ్లే విమానాలు పొద్దున్నే ఉంటాయి, మధ్యాహ్నం అయితే గాలి ఎక్కువవుతుంది. 28 తెల్లవారుజామున ఢిల్లీలో ఎక్కాం. కిటికీలోంచి మంచుకొండలు కనిపిస్తుంటే ఒళ్లు పులకరించింది. ఇంతలో కెప్టెన్ గొంతు, లేహ్ మీద మబ్బులు కిందికి దిగాయి, దిగడం కుదరదు, వెనక్కి వెళ్తున్నాం అని. కాసేపు చక్కర్లు కొట్టి మళ్లీ ఢిల్లీలోనే దించారు. కౌంటర్ ముందు మూడు గంటలు లైన్‌లో నిలబడితే 30వ తేదీకి సీటు ఇచ్చారు. వాతావరణం కారణమైతే హోటల్ ఖర్చు మనదేనట. బయట ఢిల్లీ ఎండ మాడిపోతోంది, స్వెటర్లు ఉన్న బ్యాగు పట్టుకుని ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక గదిలో దిగాను. ఐదు వేల పైన పోయింది. డబ్బు కన్నా ఎక్కువగా రెండు రోజులు పోయాయే అన్న బాధ. మీరు ప్లాన్ చేసుకుంటే వెనకా ముందూ చెరొక రోజైనా ఖాళీ ఉంచుకోండి.

30 పొద్దున ఎట్టకేలకు దిగాను. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. విమానం మెట్లు దిగుతున్నప్పుడు ఏమీ తెలియదు, బ్యాగు ఎత్తినప్పుడు తెలుస్తుంది. లేహ్‌కి దగ్గర్లోని థిక్సే అనే ఊరి దగ్గర, సింధు నదికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక హోమ్‌స్టే ముందే మాట్లాడుకున్నాను. ఆ ఇంటి పెద్దావిడ, లడఖీలో ఆమా-లే అంటే అమ్మగారు, నన్ను చూడగానే జూలే అని పలకరించి, ‘రెండు రోజులు నది వైపు చూడకు, పడుకో, నీళ్లు తాగు’ అంది హిందీలో. నిజంగానే అదే చేశాను. మెట్లెక్కితే గుండె దడ, రాత్రి సరిగ్గా నిద్ర లేదు, తలనొప్పి. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 84 చూపిస్తే టెన్షన్ పడ్డాను. మర్నాటికి 88 అయింది. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి మా డాక్టర్ రాసిచ్చిన డయామాక్స్ మాత్ర ముందు రోజు నుంచే వేసుకున్నాను. డాక్టర్ని అడక్కుండా మాత్రం వేసుకోకండి, సల్ఫా మందులు పడనివాళ్లకు ఇది ఇబ్బంది. ఆ మాత్రతో వేళ్ల కొసలు తిమ్మిరెక్కినట్టు జివ్వుమంటాయి. షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకోవాల్సిన వేలు అలా ఉంటే అలవాటు పడటానికి ఒక పూట పట్టింది.

జూన్ 1న మొదటిసారి నదికి వెళ్లాను. నాకు తోడు వచ్చినాయన ఆ ఊరివాడే, రైతు, పిట్టల మీద మంచి పట్టు. ఆయన్ని అచో-లే, అంటే అన్నగారు, అని పిలిచేవాణ్ణి. ఐదు గంటలకే వెలుతురు వస్తుంది, చేతులు కొంకర్లు పోయే చలి. ఆయన నా చేతికి ఒక కర్ర ఇచ్చాడు. ఎందుకంటే కుక్కల కోసమట. లడఖ్‌లో ఊరికుక్కల గుంపులు పెద్ద సమస్య. మనుషుల మీదికి వస్తాయి, అంతకన్నా ఘోరంగా నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లని, పిల్లల్ని తినేస్తాయి. నల్లమెడ కొంగలకి కూడా వీటి బాధే. ఆ పూట ఏడెనిమిది కుక్కలు ఒడ్డు వెంబడి వాసన చూసుకుంటూ పోతుంటే అచో-లే రాళ్లు విసిరి తరిమాడు. నాకు కడుపులో చేయి పెట్టి తిప్పినట్టయింది. ఈ దిబ్బల మీద ఎక్కడో గుడ్లు ఉన్నాయి, కాపలా ఎవరు?

పిట్ట మాత్రం కనపడలేదు. విల్లో చెట్లు, ముళ్ల సీబక్‌థార్న్ పొదలు దాటితే సింధు రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. మధ్యలో ఎటు చూసినా బూడిదరంగు రాళ్లే. పిట్ట వీపు కూడా సరిగ్గా ఆ రంగే. ముక్కు కొస నుంచి తోక దాకా 40 సెంటీమీటర్లు, చిన్న పిట్టేం కాదు. అయినా అటు తిరిగి నిలబడిందంటే రాయి ఏదో పిట్ట ఏదో చెప్పలేం. మొహం నల్లగా, ఛాతీ మీద నల్ల పట్టీ ఉంటాయి కదా, దొరక్కుండా ఎలా పోతుంది అనుకుంటాం. ఆ నలుపు రాళ్ల మధ్య నీడలో కలిసిపోతుంది. ఇక కొడవలిలా వంగిన ఎర్రటి ముక్కు, అది ఎప్పుడూ నీళ్లలోనో రాళ్ల కిందో ఉంటుంది. మొదటి పూటలన్నీ హూపోలు, కామన్ టెర్న్‌లు, రెడ్‌షాంక్‌లు లాంటి వేరే పిట్టల్ని చూసుకుంటూ గడిచాయి. అవీ బాగున్నాయి, కానీ నా ధ్యాస అంతా వేరే చోట.

అచో-లే ఒక సలహా ఇచ్చాడు, ఈ మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది అదే. కెమెరా సంచిలోనే ఉంచు, ముందు చెవులతో వెతుకు అన్నాడు. నది హోరులో కూడా దాని ఈల వినిపిస్తుంది, గంట మోగినట్టు స్పష్టంగా, క్లూ క్లూ అని. మర్నాడు ఏడు కావస్తుండగా వినపడింది. బైనాక్యులర్‌తో ఆ దిక్కున ఒక్కో రాయిని చూసుకుంటూ వెళ్తే ఒక రాయి కదిలింది. ఆ క్షణం గుండె ఎంత కొట్టుకుందో. ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట అంత సంతోషపడితే కళ్లు బైర్లు కమ్ముతాయి, నేను నిజంగానే కూర్చుండిపోయాను.

అక్కడ ఒక సంగతి చెప్పాలి. వెలుతురు బాగుందని వంతెన వైపు నడిచి అక్కడి నుంచి చూస్తుంటే ఒక జవాను వచ్చి ఏం తీస్తున్నావని అడిగాడు. ఆ ప్రాంతమంతా సైన్యం ఉంటుంది, వంతెనలు, శిబిరాలు ఫ్రేములో రాకూడదు. పిట్టలని చెప్పి కెమెరా స్క్రీన్ చూపించాను. వంతెన కనపడుతున్న రెండు ఫోటోలు తీసేయమన్నాడు, తీసేశాను. మర్యాదగానే మాట్లాడాడు. ఐడీ కార్డు జేబులో ఉంచుకోండి, పెద్ద లెన్స్ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఆ జంటను దూరం నుంచి రెండు పూటలు ఊరికే చూశాం. ఒకటి వచ్చి దిబ్బ మీద ఒకే చోట కూర్చుంటుంది, కాసేపటికి రెండోది నడుచుకుంటూ వస్తుంది, మొదటిది లేచి వెళ్తుంది, ఇది కూర్చుంటుంది. పొదగడంలో ఆడా మగా ఇద్దరికీ వంతు ఉంది. అంటే గూడు అక్కడే. ఆ మాట తేలిపోయాక నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆ పాయ దాటను. మోకాలి లోతు నీళ్లే, దాటడం కష్టమేం కాదు, కానీ దాటితే రాళ్లలో కలిసిపోయిన గుడ్లు కాలి కింద పడ్డా తెలియదు. మనం అక్కడ నిలబడినంతసేపూ పిట్ట లేచిపోతుంది, ఆ చలిలో గుడ్లు చల్లబడతాయి. గూటి ఫోటోలు చాలా పోటీల్లో అసలు తీసుకోరు కూడా. ఇవతలి ఒడ్డున ఒక బండరాయి పక్కన, వాటి మేత దారికి దగ్గరగా చోటు చూసుకుని, చీకట్లోనే వెళ్లి పడుకుని, అవి వస్తే వస్తాయి లేకపోతే లేదు అనుకున్నాను.

ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో చెప్పాలి. నాలుగున్నరకి లేచి, ఆమా-లే ఫ్లాస్కులో పోసిచ్చిన ఉప్పు టీ, రెండు ఖంబీర్ రొట్టెలు పట్టుకుని వెళ్లి రాళ్ల మీద బోర్లా పడుకోవాలి. పక్కటెముకల కింద గులకరాళ్లు గుచ్చుకుంటాయి. ఎండ రాగానే చలి పోతుంది, అక్కడి నుంచి గట్టిగా రెండున్నర గంటలే టైమ్. తొమ్మిది దాటితే రాళ్లు వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. కంటికి బాగానే కనపడుతుంది, ఫోటో పెద్దది చేసి చూస్తే ఈకలన్నీ అలుక్కుపోయి ఉంటాయి. లెన్స్ చెడిపోయిందేమోనని కంగారు పడేవాళ్లు ఉంటారు. అది ఎండ సెగ పని, దానికి ఏ లెన్సూ మందు కాదు, దగ్గరి దూరం, పొద్దున వెలుతురు, అంతే. మధ్యాహ్నం గాలి లేస్తుంది, ఇసుక కెమెరాలోకి కొడుతుంది. కాబట్టి తొమ్మిదిన్నరకి సర్దేసి ఇంటికి వచ్చి పడుకోవడమే. ఎండకి పెదాలు పగిలి రక్తం వచ్చింది, లిప్ బామ్ కూడా సన్‌స్క్రీన్ ఉన్నదే కొనండి.

జూన్ 4 పొద్దున మనసు బాగా పాడైంది. ఆరున్నరకి అవతలి ఒడ్డున ఒక బండి ఆగింది, నలుగురైదుగురు పెద్ద పెద్ద లెన్స్‌లతో దిగారు. వాళ్లతో వచ్చినతను జేబులోంచి స్పీకర్ తీసి ఐబిస్‌బిల్ కూత పెట్టాడు. గుడ్ల మీద కూర్చున్న పిట్ట ఒక్కసారిగా లేచింది. ఈల కాదు, గాభరాగా టిటిటిటి అని అరుస్తూ దిబ్బ చుట్టూ ఎగిరింది. వాళ్లు చకచకా నడుచుకుంటూ దిబ్బ మీదికే వస్తున్నారు. నేను లేచి నిలబడి గట్టిగా అరిచాను, భయ్యా, అక్కడ గూడుంది, వెనక్కి వెళ్లండి అని. ‘ఐదే నిమిషాలు, మా ఫ్లైట్ ఉంది’ అన్నారు. నాకు కోపంతో గొంతు వణికింది, ఊపిరి చాలక మాట సగంలో ఆగిపోయింది. అచో-లే మాత్రం వాళ్లని పట్టించుకోకుండా ఆ బండి డ్రైవర్‌తో లడఖీలో ఏదో మాట్లాడాడు. ఆ డ్రైవర్ వెళ్లి స్పీకర్ ఆపించాడు. వాళ్లలో పెద్దాయన ఒకరు వెంటనే వెనక్కి తిరిగాడు, మిగతావాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు. పిట్ట మళ్లీ వచ్చి కూర్చోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నేను ఒక్క ఫోటో తీయలేదు, గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం అదే ఒడ్డున కొంచెం పైన టిప్పర్లు నదిలోకి దిగి కంకర ఎత్తుకుపోవడం చూశాను. ఫోటోగ్రాఫర్లు, కుక్కలు, టిప్పర్లు, మూడూ ఆ గులకరాళ్ల కోసమే వస్తున్నాయి. ఆ పిట్టకి ఉన్నది అవి మాత్రమే.

జూన్ 6. ఆరు దాటి పది నిమిషాలు. గుడ్ల దగ్గర వంతు మారింది, లేచిన పిట్ట ఈసారి ఎగరలేదు, నీళ్లలోకి దిగి మేసుకుంటూ మా వైపు నడిచింది. పొట్ట తడిసేదాకా దిగింది. ఒక గుండ్రటి రాయి కిందికి ముక్కు జొనిపి, తలని పక్కకి వంచి, కన్ను దాకా నీళ్లలో ముంచి లోపల వెతికింది. ముక్కు బయటికి తీసినప్పుడు కొసన ఒక పురుగు, కిందికి జారుతున్న నీటిబొట్టు. మింగి మళ్లీ ఇంకో రాయి. ఒక్కో అడుగూ ఇటే. ఇరవై మీటర్లు ఉంటుందేమో, ఒక పెద్ద రాయి ఎక్కి ఆగింది. అప్పుడు కాళ్లు పూర్తిగా కనపడ్డాయి, మూడే వేళ్లు, వెనక వేలు లేదు. ఛాతీ మీద నల్ల పట్టీ పైన సన్నటి తెల్ల గీత. ముక్కు మీద ఎండ పడి ఆ ఎరుపు వెలిగిపోయింది. అది నన్ను చూసింది, తెలుసు. చూసి కూడా ఈకలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగి వ్యూఫైండర్ మసకబారింది. పక్కన అచో-లే నా భుజం మీద చేయి వేసి అలాగే ఉంచాడు.

ఇప్పుడు సెట్టింగ్స్. 600 మిల్లీమీటర్లు, ఎఫ్ 6.3, మేస్తున్నప్పుడు 1/2500, నిలబడినప్పుడు 1/1000, ఐఎస్ఓ 640 నుంచి 1250 మధ్య. ఆటోఫోకస్ మొత్తం ఫ్రేముకి వదిలేస్తే ముందున్న రాళ్లనే పట్టుకుంటుంది, అందుకని చిన్న స్పాట్ పెట్టి మెడ మీద ఉంచాను. ట్రైపాడ్ తీసుకెళ్లాను కానీ వాడింది లేదు, పిట్ట కంటి ఎత్తుకి దిగాలంటే బీన్‌బ్యాగే మేలు. సైలెంట్ షట్టర్ తప్పనిసరి. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ల మెరుపు తెల్లగా కాలిపోతుంది, మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించి తీశాను.

9న తిరుగు విమానం టైమ్‌కే దొరికింది. బఠానీలు ఆమా-లేకి ఇచ్చేశాను, ఆవిడ అదే రోజు పొద్దున వాటితో కూర వండి పంపింది. గుడ్లు పిల్లలయ్యాయో లేదో తర్వాత చెప్పమని అచో-లేని అడిగాను, దూరం నుంచి చూసి చెప్తానన్నాడు, దగ్గరికి వెళ్లొద్దని నేనూ చెప్పాను. ఆ దిబ్బ సరిగ్గా ఎక్కడో ఎవరడిగినా చెప్పను, ఏమీ అనుకోకండి. పిట్టలు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా థిక్సే అని మాత్రమే పెట్టాను.

ఖర్చు లెక్క అడిగినవాళ్లకి: విమానాలు రానూపోనూ ఇరవై ఆరు వేలు, ఢిల్లీలో ఇరుక్కున్నందుకు ఐదు వేల పైన, లెన్స్ అద్దె పదహారు వేల దాకా, హోమ్‌స్టే రెండు పూటల భోజనంతో రోజుకు పదిహేను వందలు, అచో-లేకి రోజుకు రెండు వేలు ఇచ్చాను. టాక్సీ ఎయిర్‌పోర్ట్‌కి రావడానికి, పోవడానికి తప్ప వాడలేదు. లేహ్‌లో టాక్సీ యూనియన్ రేట్లు ముందే ఖరారై ఉంటాయి, బేరం నడవదు, రోజంతా బండి పెట్టుకుంటే ఖర్చు రెట్టింపయ్యేది. నది పక్క ఊళ్లోనే దిగితే ఆ డబ్బూ మిగులుతుంది, పొద్దున చీకట్లో నడిచే వెళ్లొచ్చు, కాకపోతే చేతిలో కర్ర ఉండాలి. వచ్చే జూన్‌కి వెళ్లేవాళ్లు హోమ్‌స్టే ఫిబ్రవరిలోనే మాట్లాడుకోండి, మేలో అడిగితే దొరకవు.